బుట్ట మీద గుడ్డ

మొన్న మా వీధిలోకి మంచాలకు నవ్వారు బిగించేవాడు వచ్చాడు. ఈ కాలంలో ఇంకా ఆ పని చేసేవాళ్ళున్నారా అని ఆశ్చర్యపోయి, పిలిచి, వెనక వసారాలో గోడకు నిలబెట్టిన మంచం చూపించాను. అతను మంచం వాల్చి, చేత్తో పట్టీలన్నీ తడుముకుంటూ వచ్చి తలవైపు ఆగిపోయాడు. అక్కడ పట్టీలు రెండు పక్కలకీ జరిగి, మధ్యలో మనిషి మొహం పట్టేంత సందు ఉంది. సందు అంచు చుట్టూ మెత్తగా పాత చీర ముక్క చుట్టి కుట్టేసి ఉంది.

"ఇదేందక్కా, ఎలక కొట్టిందా?" అన్నాడు.

"ఎలక కాదు, మా అత్త," అన్నాను.

అతను నా మొహంకేసి అదోలా చూశాడు. నవ్వు ఆపుకోలేక నేనే చెప్పాను. "కాళ్ళవైపు ఎంత బిగిస్తావో బిగించు నాయనా. తలవైపు మాత్రం చెయ్యి పెట్టబాక. అది అట్టాగే ఉండాల."

మా అత్త పోయి ఏడాది దాటింది. ముసలి ప్రాణం, వానాకాలం జ్వరంతో తేలిగ్గానే పోయింది. ఏడవడానికి కాదు ఇది రాస్తున్నది. ఆమె గురించి ఏడిస్తే పైనుంచి ఏదో ఒకటి తీసి నా నెత్తిన విసిరేస్తుంది. ఆ సందు చూడగానే ఆమె మొహం నేల చూస్తూ కనబడింది, అంతే. ఒకసారి కనబడ్డాక ఊరుకునే మనిషా ఆమె!

మా నాయనకు అక్క. దొరవారిసత్రం దాటి పులికాట్ సరస్సు ఒడ్డున ఒక కుప్పంలో, అంటే చేపలు పట్టేవాళ్ళ పల్లెలో, కాపురం. మామ ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. సరస్సులోకి దిగి చేతులతో రొయ్యలు పట్టేది. మోకాటిలోతు నీళ్ళలో నడుం వంచి, తాటాకు బుట్ట తాడు పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, రెండు చేతులతో అడుగు బురద తడుముతూ పోవాలి. చేతికి రొయ్య తగిలితే బుట్టలో వెయ్యాలి. నోట్లో తాడు ఉన్నంతసేపూ మాట్లాడ్డానికి లేదు. అందుకని పొద్దుటినుంచీ ఆగిపోయిన మాటలన్నీ ఆమె ఒడ్డుకు రాగానే ఒక్కసారిగా తెగిన గట్టులా వచ్చి పడేవి. ఆ సమయంలో ఎదురుపడినవాడి ఖర్మ.

నడుం వంచడం ఆమెకు అలవాటు కాదు, అవయవం. మోకాళ్ళు వంచకుండా నడుం దగ్గర మడతపడిపోయి ఇల్లు ఊడ్చేది, బియ్యం ఏరేది, కోళ్ళతో పోట్లాడేది. నేను చిన్నప్పుడు వేసవిలో అక్కడికి పోతే నా జడ కూడా అట్లా వంగే వేసేది. నాకు మెడ నొప్పి పుట్టేది గానీ ఆమెకు నడుం నొప్పి పుట్టేది కాదు.

ఇంక ఆమె కన్ను. ఉన్నది ఒక్కటే. ఎడమది చిన్నప్పుడే రొయ్య కొమ్ము గుచ్చుకుని పోయింది. దగ్గరగా పెట్టుకుంటే పక్కచూపుతో ఆనవాలు తెలిసేది, అంతకు మించి లేదు. ఉన్న కుడి కన్నుకు మాత్రం కుప్పమంతా వణికేది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని సామెత. మా అత్త కంటికి రాయి పగలడం కాదు, పిండైపోతుందని అక్కడివాళ్ళ నమ్మకం. ఎవరి సొరపాదునో చూసి "అబ్బ, ఎంత కాపు కాసిందే!" అందట, వారం తిరక్కుండా పాదు ఎండిపోయింది. ఇంకొకరి మేకను మెచ్చుకుంది, అది కుంటడం మొదలుపెట్టింది. నిజమెంతో పెరుమాళ్ళకెరుక. కానీ బుట్ట నిండా రొయ్యలతో గట్టెక్కే ఆడవాళ్ళు మా అత్త కనబడితే చాలు, తడిగుడ్డ తీసి గబుక్కున బుట్ట మీద కప్పేసేవాళ్ళు.

వేరే మనిషైతే నొచ్చుకునేది. ఈమెకు అదే కిరీటం. కావాలని వాళ్ళకు ఎదురుపోయేది. "కప్పుకోండే, కప్పుకోండే, మహాతల్లి వస్తా ఉండాది!" అని తనే అరిచేది. నాతో గర్వంగా, "ఒంటి కన్నుకే ఇట్టా అల్లాడిపోతా ఉండారే, రెండూ ఉండుంటే ఏమైపోయుందురో!" అనేది.

ఆమె ముందు బుట్ట కప్పని మనిషి కుప్పంలో ఒక్కతే ఉండేది. ఆమె తోడికోడలు, నాకు చిన్నత్త వరస. కప్పకపోవడం ధైర్యం వల్ల కాదు. ఇద్దరికీ ఒకరి మొహం ఒకరు చూసుకునే పనే లేదు. ఒట్టు పెట్టుకున్నారు.

సంగతేమిటంటే, రొయ్యలకు దిగే ఆడవాళ్ళు నీళ్ళలో వరసగా విడివిడిగా నడుస్తారు. ఎవరి దారి వాళ్ళది. పక్కవాళ్ళ దారిలో అడుగుపెట్టి ముందుకు పోతే బురద రేగిపోతుంది, వెనకున్న మనిషికి ఏమీ దొరకదు. అంతకంటే పాపం అక్కడ ఇంకోటి లేదు. ఒకనాడు మా చిన్నత్త కాలు మా అత్త దారిలో పడింది. తెలిసి పెట్టిందో తెలియక పెట్టిందో, ఇద్దరూ గట్టెక్కాక నోట్లోంచి తాళ్ళు తీశారు. ఇంక చూసుకోండి. రెండు కత్తులు ఒక ఒరలో ఇమిడితే ఆ ఇద్దరూ ఒక గట్టు మీద ఇమిడేవాళ్ళు. ఆఖరికి మా అత్త వంగి బురద చేతిలోకి తీసుకుని, "ఇంక నీ మొహం చూస్తే నా ఉన్న ఒక్క కన్నూ పోవాల! గంగమ్మ సాక్షి!" అంది. చిన్నత్త కూడా తక్కువ తినలేదు. "నాకూ అంతే పో!" అంది.

ఏళ్ళ తరబడి ఆ ఒట్టు నడిచింది. ఇళ్ళేమో పక్కపక్కన, మధ్యలో ఒకే గోడ. అత్త బయటికి రాబోయే ముందు గట్టిగా దగ్గేది. ఆ దగ్గు వినగానే చిన్నత్త గోడవైపు తిరిగి నిలబడేది. మరీ అవసరమైతే గోడతో మాట్లాడేవాళ్ళు. "గోడా గోడా, చింతపండు ఉంటే ఇంత పెట్టమని చెప్పు." "గోడా, నిన్న ఇచ్చిన చెంబు ఇంకా రాలేదని చెప్పు." చింతపండూ వచ్చేది, చెంబూ పోయేది. మొహాలు మాత్రం చూసుకునేవాళ్ళు కాదు. మా నాయన ఎన్నోసార్లు బతిమాలాడు. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టక్కా, చిన్నపిల్లలా మీరు?" అంటే, "గట్టు మీదనే పెట్టింది ఆ ఒట్టు. ఆడనే ఉండనీ," అనేది.

అట్లాంటిది, ఒకసారి నేను కుప్పం పోయినప్పుడు అత్త కుండలోంచి నీళ్ళు ముంచి నాకు గ్లాసులో పోయబోయి పక్కన నేల మీద పోసింది. నేను ఉలిక్కిపడి చూశాను. "చెయ్యి వణికిందిలే," అంది. మా అత్త చెయ్యి వణకడమా! తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది. గట్టిగా నిలదీస్తే అప్పుడు చెప్పింది. కొన్ని నెలలుగా కుడి కన్నులో మెరుపులు మెరిశాయట, నల్లనల్లగా ఈగల్లాంటివి తిరిగాయట, తర్వాత ఒక పక్కనుంచి నల్లతెర దిగుతూ వచ్చిందట. ఇప్పుడు మిగిలిందంతా మసక.

"నెలలా? మరి ఎందుకు చెప్పలేదు అత్తా?" అని అరిచాను.

"చెప్తే మాత్రం?" అంది. ఆ గొంతు నాకు కొత్త.

మర్నాడే పాసింజర్ ఎక్కించి నెల్లూరు తీసుకొచ్చేశాను. గూడూరులో బండి ఆగినప్పుడు, కిటికీవైపు తిరిగి, ఎవరితోనో చెబుతున్నట్టు అంది, "నన్ను చూసి బుట్ట మీద గుడ్డ కప్పడం మానేసినారే."

కన్ను పోతోందని ఏడవలేదు ఆమె. ఆ కన్నంటే భయం పోయిందని ఏడ్చింది.

నెల్లూరులో కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ నిదానంగా చూసింది. కంటి వెనకాల గోడకు అంటుకుని ఉండాల్సిన పల్చటి తెర ఊడి వేలాడుతోందని, దానికి తోడు శుక్లం కూడా ముదిరిందని చెప్పింది. రెండూ కలిపి ఒకేసారి ఆపరేషన్ చెయ్యాలి. ఎడమ కన్ను ఎటూ లేదు కాబట్టి ఇది దక్కితేనే చూపు, లేకపోతే చీకటే. "కంటికి దెబ్బేమైనా తగిలిందా పెద్దమ్మా?" అని అడిగింది. "లా," అంది అత్త, లేదని తల అడ్డంగా ఊపుతూ. ఇంకోసారి అడిగినా "లా" అనే అంది.

"తెరను అతికించి, అది మళ్ళీ ఊడిపోకుండా లోపల నూనె నింపుతాం. నూనె పైకి తేలుతుంది కదా, అది వెనకవైపు తెరను నొక్కిపెట్టాలంటే మీ మొహం ఎప్పుడూ నేలవైపే ఉండాలి. పడుకున్నా, కూర్చున్నా, తిన్నా. తల ఎత్తారంటే పని చెడుతుంది," అంది డాక్టరమ్మ.

"ఏం నూనె పోస్తారు?" అంది అత్త అనుమానంగా. "గానుగదేనా? ప్యాకెట్టుదైతే నాకొద్దు."

డాక్టరమ్మ నవ్వింది. నేను తల పట్టుకున్నాను.

ఆపరేషన్ అయింది. మా ఇంటికి తీసుకొచ్చాను. నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని రవికలు కుడతాను. ముందుగదిలో మిషన్ పక్కనే నవ్వారు మంచం వేసి, తలవైపు పట్టీలు వదులు చేసి పక్కలకు జరిపి, మొహం పట్టే సందు చేసి, అంచు కుట్టాను. బోర్లా పడుకుని మొహం ఆ సందులో పెడితే నేల కనబడుతుంది, ఊపిరీ ఆడుతుంది. గంజి గ్లాసు నేల మీద పెట్టి, గొట్టం పైకి పెడితే తాగేది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

రెండు రోజులు కాకముందే నా ఇల్లు ఆమె చేతిలోకి పోయింది. మంచం కింద కనబడే జానెడు నేలనుంచి ఇల్లంతా ఏలింది. కట్టు లేని ఎడమ కన్ను పక్కచూపుతో, అడుగుల చప్పుడుతో వచ్చినవాళ్ళ పాదాలు గుర్తుపట్టేది. "మెట్టెలు వదులైన ఆయమ్మ మళ్ళా వచ్చిందే, ఇంకా రవిక కుట్టలా?" అని వాళ్ళ ముందే అనేది. నేను గుడ్డ ఇంకా కత్తిరించనే లేదని ఆమెకు తెలుసు. నా పరువు గంగలో కలిసిపోయింది. పక్కింటావిడ మడమల పగుళ్ళు చూసి, "రాత్రి ఆముదం రాసుకో తల్లీ, ఎండాకాలం చెరువులాగుండాయి," అంది. ఆవిడ మొహం ఎట్లా ఉంటుందో అత్తకు అప్పటికి తెలియనే తెలియదు. మా ఆయన ఆటో దిగి లోపలికి అడుగుపెడితే చాలు, "చెప్పులు బయట!" అని మంచం కిందనుంచి ఉరిమేది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా ఆయన చెప్పులు బయటే విడిచాడు, ఇప్పటికీ బయటే విడుస్తున్నాడు.

ఇంత గోల చేసిన మనిషి లోలోపల చేతులెత్తేసిందని నాకు తర్వాత తెలిసింది. ఒకరోజు వంటింట్లోంచి వచ్చేసరికి వెల్లకిలా పడుకుని ఉంది. "అత్తా! తల!" అని కేకేశాను.

"నడుం నొప్పే," అంది మెల్లగా బోర్లా తిరుగుతూ.

"పొద్దంతా ఉప్పునీళ్ళలో నడుం వంచి నిలబడేదానివి, నీకు నడుం నొప్పా? ఎవరికి చెప్తున్నావు?" అని మండిపడ్డాను. ఆ తర్వాత చుక్కల మందు వెయ్యబోతే కన్ను మూసుకునేది. నేను చూడకపోతే తల తిప్పేసేది. నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. ఎందుకిట్లా చేస్తోందో అంతుబట్టలేదు. ఆ సాయంత్రం కుప్పానికి ఫోన్ చేశాను. నా దగ్గరున్నది చిన్నత్త ఇంటి నంబరే. "ఆమె నా మాట వినడం లేదు చిన్నత్తా. కన్ను పోగొట్టుకునేటట్టుంది," అని ఏడ్చాను. అవతల చిన్నత్త ఫోన్ పెట్టేసింది.

తెల్లవారేసరికి గోరుచుట్టు మీద రోకటిపోటు. అత్త కణతలు పట్టుకుని మూలుగుతోంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. కట్టు తప్పిస్తే కన్ను చింతనిప్పులా ఉంది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే, కంట్లో ఒత్తిడి పెరిగి ఉంటుంది, ఆలస్యం చేస్తే చూపు నరం దెబ్బతింటుంది, వెంటనే తీసుకురమ్మన్నారు. మా ఆయన ఆటో వాకిట్లో పెట్టాడు. అత్త కదల్లేదు.

"వద్దులేవే. పోయేదాన్ని పట్టుకుని గుంజితే వస్తాదా," అంది.

బతిమాలాను, తిట్టాను, చేతులు పట్టి లాగాను. మంచం కోడు పట్టుకుని అట్లాగే బోర్లా పడుకుంది. అప్పుడే గుమ్మంలో అలికిడైంది. చిన్నత్త. మొదటి బండికే బయల్దేరి వచ్చింది. లోపలికి నడిచి మంచం దగ్గర నిలబడింది. కుడి పాదం మీద నల్లగా గడ్డకట్టిన మచ్చ. ఆ మచ్చను అత్త చూసింది. చటుక్కున కన్ను మూసుకుంది.

"ఎవురే దీన్ని పిలిచింది?" అని నన్ను గద్దించింది.

చిన్నత్త గోడ కోసం చూసింది. గోడ దూరంగా ఉంది. దగ్గర్లో నా కుట్టుమిషనే ఉంది. దానివైపు తిరిగి, "మిషనా మిషనా, ఆస్పత్రికి లేవమని ఈమెకి చెప్పు," అంది.

అంత కంగారులోనూ నాకు నవ్వొచ్చింది. అత్త మంచం కోడు వదల్లేదు. చిన్నత్త "ఇంక చాల్లే ఈ గోడలూ మిషన్లూ," అని కొంగు నడుముకు దోపి, నేల మీద కూర్చుని, వెల్లకిలా పడుకుని, గాజులు గలగలమంటుండగా మంచం కిందికి జరిగింది. జరిగి జరిగి సరిగ్గా సందు కిందికి పోయింది. పైన బోర్లా అత్త, కింద వెల్లకిలా చిన్నత్త. మొహానికి మొహం జానెడు దూరం.

"కన్ను తెరువక్కా."

"తెరవను. ఒట్టుండాది."

"ఆ ఒట్టు నన్ను నీళ్ళలోంచి లేపిన పొద్దే పోయిందిగా. చూసినావుగా నా మొహం!"

"చూసినాను కాబట్టే గదే కన్ను పోయింది!" అని అరిచింది అత్త.

నేను నిలబడినచోటే నిలబడిపోయాను. అప్పటికి గానీ నాకు విషయం తెలియలేదు. కొన్ని నెలల క్రితం చిన్నత్త పాదంలో జెల్ల ముల్లు దిగబడింది. ఆ చేప విషానికి కళ్ళు తిరిగి నీళ్ళలో పడిపోయింది. పక్క వరసలో ఉన్న అత్త నోట్లో తాడు వదిలేసి, నిండు బుట్ట నీళ్ళపాలు చేసి, పరుగెత్తి ఆమెను లేపింది. లేపేటప్పుడు మొహం చూసింది. ఆ తర్వాత కన్నులో మెరుపులు మొదలయ్యాయి. ఒట్టు కొట్టిందని, గంగమ్మ ఊరుకోలేదని, ఇంక ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడని ఆమె తీర్మానించుకుంది. నోరు విప్పితే, కుప్పమంతా చిన్నత్తను "నిన్ను లేపబోయి ఆమె కన్ను పోగొట్టుకుంది" అని ఆడిపోసుకుంటుంది. అందుకని నోట్లో తాడు కరిచినట్టే పళ్ళు బిగించుకుని కూర్చుంది. ఎంత మొండిది, ఎంత మంచిది! ఆ క్షణాన ఆమెను కొట్టాలనిపించింది, కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

మంచం కింద చిన్నత్త మాత్రం నివ్వెరపోయి, "ఒట్టేందక్కా! నా మోచెయ్యి తగల్లా నీకు?" అంది.

"మోచెయ్యా?"

"నొప్పికి గింజుకుంటా చెయ్యి విసిరినానే. టంగుమని నీ కంటికి తగిలింది. నా ఎముకే జివ్వుమనింది. అప్పుట్నించి కూడు సయించడం లా నాకు. నా వల్లే పోయిందని తెలుసు. వచ్చి చెప్పుకుందామంటే మాటల్లేవు మనకి. గోడకి చెప్పుకునే మాటా అది?" అని చిన్నత్త భోరుమంది. వెల్లకిలా పడుకుని ఏడిస్తే కన్నీళ్ళు చెవుల్లోకి పోతాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తితే మంచం పట్టీ అడ్డం.

అత్త నెమ్మదిగా కట్టు లేని కన్ను తెరిచింది.

"అయితే ఒట్టు కాదా?"

"గంగమ్మకి వేరే పన్లేదా? మునిగిపోయేదాన్ని లేపితే కన్ను పీక్కుంటాదా ఆ తల్లి? అంత న్యాయం తెలీందా?"

అప్పుడు వినబడింది, సందులోంచి మంచం కిందికి పోయిన ఒక నవ్వు. తల పగిలిపోయే నొప్పిలో, వాంతి వాసనలో, మా అత్త నవ్వింది. మంచం పట్టీలన్నీ కదిలాయి. "నీ మోచెయ్యి విరిగిపోనూ! గంగమ్మ కోపమని నెలలబట్టి కుళ్ళి చస్తా ఉండానే నేను! దేవతతో అయితే ఏం పోట్లాడతాను? నీతో అయితే పోట్లాడగలను!" అంది. అని నావైపు చెయ్యి చాపి, "ఏందే అట్టా చూస్తా నిలబడినావు? పద ఆస్పత్రికి!" అంది. ఇందాకటినుంచీ నేనే వద్దన్నట్టు!

ఆటోలో చిన్నత్త ఒడిలో మొహం పెట్టుకుని పోయింది. డాక్టరమ్మ మందులిచ్చి, కొంచెం నూనె బయటికి తీసి ఒత్తిడి దించింది. "దెబ్బ తగిల్లేదన్నారు కదా పెద్దమ్మా?" అంటే, అత్త తల వంచుకునే చిన్నత్త చెయ్యి పట్టి ముందుకు లాగి, "ఇదిగో, ఈ మోచెయ్యే," అని చూపించింది. డాక్టరమ్మ ఆ మోచేతిని చూసి ఏమనుకుందో గానీ, "ఇప్పుడైనా చెప్పారు. ఇంక నేల చూపులు మానొద్దు," అంది.

మానలేదు. ఆ తర్వాత ఆమె తల దించిన తీరు చూడాలి! సరస్సులో రొయ్యల కోసం ఎంత పట్టుగా వంగేదో అంత పట్టుగా వంగింది. చుక్కల మందుకు టైమైతే నన్నే కేకేసేది. చిన్నత్త మా ఇంట్లోనే ఉండిపోయింది. మంచం కింద చాప వేసుకుని పడుకుని, ఆమె మొహం చూస్తూ ఏళ్ళ తరబడి బాకీపడ్డ మాటలన్నీ మాట్లాడింది. దారిలో కాలు పెట్టిన సంగతి కూడా తేల్చుకున్నారు. అది మళ్ళీ పెద్ద గొడవైంది. నేను మిషన్ ఆపి, "ఇద్దర్నీ ఆటో ఎక్కించి పంపేస్తాను," అనాల్సి వచ్చింది.

అంతటితో అయిపోలేదు. కొన్ని నెలల తర్వాత లోపలి నూనె తీసెయ్యడానికి మళ్ళీ బల్లెక్కాలి. తెర ఊడకుండా నిలబడుతుందా లేదా అని నేను దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. నిలబడింది. హమ్మయ్య అనుకుంటే, పొగమంచు దిగినట్టు చూపు మళ్ళీ మసకబారింది. నేను మళ్ళీ మొక్కులు మొదలుపెట్టాను. అత్త మాత్రం చలించలేదు. "ఒట్టు కాదని తేలిపోయిందిగా. ఇంక ఏదైనా డాక్టరమ్మ చూసుకుంటాది," అంది. శుక్లం తీసి కంట్లో కొత్తగా పెట్టిన అద్దం వెనక పొర మసకబారిందట, ఆపరేషన్ తర్వాత కొందరికి అట్లా అవుతుందట. లేజరుతో దానికి చిన్న కిటికీ తెరిచారు. నొప్పి లేదు, కట్టు లేదు. బయటికి వచ్చి నా మొహంలోకి చూసి, "ఏందే, జుట్టు ఇంత నెరిసిపోయింది నీకు?" అంది. నేను అక్కడే, అందరి ముందూ, ఆమెను కావలించుకుని ఏడ్చాను. ఆ ఏడుపుకు ఆమె తిట్టలేదు.

కొన్నాళ్ళకు, మురికినీళ్ళు కంటికి తగలకుండా చూసుకుంటే ఇంక ఫర్వాలేదని డాక్టరమ్మ చెప్పాక, ఆమెను కుప్పానికి దిగబెట్టడానికి నేనే వెంట పోయాను. చిన్నత్త అంతకు ముందే వెళ్ళిపోయి పనిలో పడింది. బండి దిగి ఇంటికి కూడా పోకుండా, తిన్నగా సరస్సు గట్టుకు నడిచింది అత్త. కళ్ళజోడు సర్దుకుంది. ఎండ నీళ్ళ మీద మెరుస్తోంది. దూరంగా ఆడవాళ్ళు వరసగా నడుములు వంచి తడుముతున్నారు. అన్నీ వీపులే. నాకైతే ఎవరెవరో ఆనవాలు పట్టడం చేతకాలేదు.

"ఎవరు ఎవరో తెలుస్తోందా అత్తా?" అన్నాను భయం భయంగా.

ఆమె చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూస్తూనే ఉంది. చూసి చూసి, గొంతెత్తి సరస్సంతా దద్దరిల్లేలా కేక పెట్టింది.

"ఏమేయ్! మళ్ళా పక్క దారిలోకి పోతా ఉండావా? ఎడం పక్కకి జరగవే!"

వరసలో ఒక వీపు నిటారుగా లేచింది. మిగతా వీపులూ లేచాయి. చిన్నత్త గట్టువైపు తిరిగింది. నోట్లో బుట్ట తాడు, నుదుటి మీద బురద. అంత దూరంలో నాకు మొహం తెలియడం లేదు గానీ, మా అత్త నవ్వుతోంది. "చూడు, చూడు, మొహాన బురద! బుట్ట నిండిపోయిందే! అబ్బ, ఎంతెంత రొయ్యలే, చెయ్యంత!" అని అరిచింది.

ఆ మాట నీళ్ళ మీదుగా పోయి చిన్నత్తకు చేరింది. ఆమె నోట్లోంచి తాడు వదిలి, బుట్టను చంకలో ఇరికించుకుని, తలకు చుట్టుకున్న గుడ్డ లాగి గబుక్కున బుట్ట మీద కప్పేసింది. ఆమెను చూసి పక్కామె కప్పింది. ఆ పక్కామె కొంగు అడ్డం పెట్టుకుంది.

అత్త నా భుజం పట్టుకుని ఊపేసింది.

"కప్పినారే! చూసినావా, అందరూ కప్పినారు!"